బడి పెరుగు

మా బడిలో ప్రార్థన గంట మోగేసరికి జెండా కర్ర పక్కన ఒక కుర్చీ, ఒక బకెట్టు నీళ్ళు సిద్ధంగా ఉండేవి. ఎవరో పెద్దమనిషి వస్తాడని కాదు, ఆడపిల్లలు పడిపోతారని. ప్రతిజ్ఞ సగమైనా కాకముందే వరసలో ఎక్కడో ఓ పిల్ల తూలేది. పక్కవాళ్ళు పట్టుకునేవాళ్ళు. పీఈటీ మేడం వచ్చి మొహాన నీళ్ళు కొట్టి కుర్చీలో కూర్చోబెట్టేది. మిగతావాళ్ళం ఏమీ జరగనట్టు ప్రతిజ్ఞ పూర్తి చేసేవాళ్ళం. పొద్దున్నే ఇన్ని టీనీళ్ళు తాగి మైళ్ళు నడిచొచ్చే పిల్లలు పడిపోక ఏం చేస్తారు?

నా పేరు దివాకరం. రేవుగరువు ఆడపిల్లల హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. నాకు కోపం ఎక్కువని ఊళ్ళో ఒక పేరుంది. అది శుద్ధ అబద్ధం. కోపం తెప్పించే పనులు ఊళ్ళో ఎక్కువ, అంతే. బడిలో ఇచ్చే ఇనుము మాత్రల్నే తీసుకోండి. నా కళ్ళ ముందు నాలుక మీద పెట్టుకుని, నేను వెనక్కి తిరగ్గానే గోడవతలకి ఉమ్మేసేవాళ్ళు. "కడుపులో తిప్పుతుందండీ" అనేవాళ్ళు. ఎన్నిసార్లు అరిచానో! నా అరుపులకి ఎవరి ఒంట్లోనూ రక్తం పెరగలేదు.

ఒకరోజు ఆ కుర్చీలో మా పెద్దమ్మాయి వైదేహి కూర్చుంది. తొమ్మిదో తరగతి. పెదాలు సున్నం రాసినట్టున్నాయి. "ఏం లేదు నాన్నా, కళ్ళు తిరిగాయంతే" అంటోంది. అంతవరకూ మేష్టారుగా చూసినవాణ్ణి, ఆ వేళ తండ్రిగా చూశాను.

డాక్టర్ నీరజ గారు మా బడికి వచ్చింది ఆ ఏడాదే. హైదరాబాదులో ఏదో పెద్ద ప్రయోగశాల ఆవిడది. నలభై దాటిన మనిషి, కాటన్ చీర, భుజాన ఒక మంచుపెట్టె. మాత్రలు, సూదులు తెస్తారనుకుంటే ఆవిడ తెచ్చింది పెరుగు పొడి. దాంతో పాలు తోడుపెట్టి మధ్యాహ్న భోజనంలో పిల్లలకి రోజూ ఒక కప్పు పెరుగు పెట్టాలట. మా హెడ్మాస్టారు మూతి తిప్పారు. ఆవిడ ఆయన్ని వదిలేసి సరాసరి నా క్లాసుకి వచ్చారు.

వైదేహిని లేపి గుమ్మంలో నిలబెట్టారు. "ఈ గుమ్మం మీ పేగు గోడ. నువ్వు కాపలాదారువి" అన్నారు. పది మందికి తలో చాక్‌పీసు ఇచ్చి బయటికి పంపారు. "మీరు తిన్న తోటకూరలోని ఇనుము వాళ్ళు. కాపలా అమ్మాయీ, పదిమందిలో ఒక్కర్నే రానివ్వు."

పిల్లలు తోసుకున్నారు. వైదేహి చేతులు బార్లా చాపి ఒక్కదాన్ని వదిలి మిగతావాళ్ళని నెట్టేసింది. క్లాసంతా నవ్వులే.

"చూశారా? మీరు తినకపోవడం ఒక్కటే కాదు, తిన్నది కూడా లోపలికి పోవట్లేదు" అని, ఆవిడ బయటికి వెళ్ళి ఒక్కొక్క పిల్ల చెయ్యి పట్టుకుని, వైదేహి చంక కింద నుంచి లోపలికి లాక్కొచ్చేశారు. కాపలాదారుని అడగనే లేదు. "ఈ పెరుగులో నేను పెంచిన సూక్ష్మజీవి చేసే పని ఇదే."

తెల్లటి కాగితపు పట్టీ మీద పెరుగు చుక్క వేసి చూపించారు. పట్టీ వంగపండు రంగుకి తిరిగింది. ఆ రంగు వస్తే ఆవిడ జీవి బతికి ఉన్నట్టు. రోజూ పొద్దున్నే బడి పెరుగుని అలా పరీక్షించే పని నాకు అప్పగించారు.

క్లాసయ్యాక పిల్లలు వెళ్ళిపోయేదాకా ఆగి అడిగాను. "డాక్టరు గారూ, మా చిన్నమ్మాయి మైత్రికి ఆరేళ్ళు. తలసీమియా."

ఆవిడ మొహంలో నవ్వు పోయింది. ఆవిడకి వివరించనక్కరలేదు, మీకు చెబుతాను. మైత్రి ఒంట్లో రక్తం సరిగా తయారు కాదు. నెల తిరక్కుండానే కాకినాడ తీసుకెళ్ళి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన ప్రతి రక్తంతోనూ ఇనుము లోపలికి చేరుతుంది, బయటికి పోయే దారి లేదు. గుండెలో, కాలేయంలో పేరుకుపోతుంది. దాన్ని బయటికి పంపడానికి రోజూ మాత్ర వెయ్యాలి. పెద్దదానికి ఏది తక్కువై తూలుతోందో చిన్నదానికి అదే విషం. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్ళు.

"ఆ పాప ఈ బడిలో లేదుగా మాస్టారూ. పెరుగు గేటు దాటనివ్వకండి" అన్నారావిడ. "ఒకవేళ ఎవరు తిన్నా, తినడం ఆపేసిన వారానికల్లా ఆ జీవి ఒంట్లోంచి పోతుంది. ఆపితే ఆగిపోయేలా తయారుచేశాను. లేకపోతే పిల్లలకి పెడతానా?"

ఆపితే ఆగిపోతుంది. ఆ మాట పట్టుకునే నేను ఒప్పుకున్నాను.

గేటు దగ్గర నేనే నిలబడేవాణ్ణి. ఒక్క చుక్క బయటికి పోతే ఊరుకోనని వంటవాళ్ళ మీద అరిచాను, పిల్లల మీద అరిచాను. వైదేహి చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించి గానీ ఇంటికి రాకూడదు. అది విసుక్కునేది గానీ చెల్లెలంటే ప్రాణం, చేసేది.

వానాకాలం వెళ్ళేసరికి ప్రార్థనలో కుర్చీ ఖాళీగా ఉండటం మొదలైంది. దీపావళి దాటాక హెడ్మాస్టారు అందులో తనే కూర్చోవడం మొదలుపెట్టారు. వైదేహి ఖోఖో జట్టులో చేరింది! గోళ్ళ కింద గులాబీ రంగు వచ్చింది. సాయంత్రం మోకాళ్ళు దోక్కుని ఇంటికొస్తే మా ఆవిడ హేమలత తిట్టేది, నేను చాటుగా మురిసిపోయేవాణ్ణి. పిల్ల పరిగెత్తి పడింది, కళ్ళు తిరిగి పడలేదు. అంతకంటే ఏం కావాలి చెప్పండి.

సంతోషం మా ఇంట్లో ఎప్పుడూ ఒక కాలు గుమ్మం అవతలే ఉంచి కూర్చుంటుంది. ఆ చలికాలంలో కాకినాడ డాక్టరు మైత్రి పరీక్ష చూసి కళ్ళద్దాలు తీశారు.

"ఇనుము బాగా పెరిగిందండీ. మాత్ర వేస్తున్నారా?"

"రోజూ వేస్తున్నాం" అంది హేమలత.

"మానకుండానా?"

"మానకుండా."

తిరుగు బస్సెక్కాం. మైత్రి కిటికీ పక్కన నిద్రపోతోంది. దాని చెంప మీద ఎండపడి, ఆ నలుపు నాకు మొదటిసారి కనిపించింది. ఎండకి కమిలిన నలుపు కాదది, ఒంట్లో ఇనుము పేరుకుంటే వచ్చే నలుపు. దిగాక హేమలతే మొదలుపెట్టింది. "నేను వెయ్యట్లేదని మీకు అనుమానంగా ఉంది కదూ?" అంది. "నేను ఆ మాట అన్నానా?" అన్నాను. "అనక్కర్లేదు, మీ మొహం అంటోంది" అంది. ఆ రాత్రి ఇంట్లో ఎవరం సరిగా తినలేదు.

ఇనప పెనం అటకెక్కింది. బెల్లం బంద్. ఆకుకూర ఎప్పుడో బంద్. మాత్ర నేను ఒక చేత్తో, హేమలత ఒక చేత్తో పట్టుకుని వేసినంత పని చేశాం. తరవాతి పరీక్షలో ఇంకా పెరిగింది. డాక్టరు ఈసారి కళ్ళద్దాలు తియ్యలేదు, గుండెకి స్కానింగు రాశారు.

ఆ వారమే ఒకరోజు, ఎప్పుడూ మజ్జిగతో లేచిపోయే నాకు అన్నంలో హేమలత పెరుగు వేసింది. గరిటె దించితే చాకుతో కోసినట్టు ముక్క తెగింది. మా పాలవాడి నీళ్ళపాలకి ఆ పెరుగు ఎక్కడిది?

"ఇదేమిటి, ఇంత గట్టిగా ఉంది?"

"బావుంది కదూ? మధ్యలో ఓసారి పాలు విరిగిపోయి ఇంట్లో తోడు లేకపోతే పక్కింటి భవాని దగ్గర ఒక చెంచా తెచ్చాను. అప్పట్నించీ ఇలాగే గడ్డలా తోడుకుంటోంది."

చొక్కా జేబులో బడి పట్టీలు ఉన్నాయి. ఒకటి తీసి చుక్క వేశాను. మైత్రి పక్కనే పీట మీద కూర్చుని, "అబ్బ, వంకాయ రంగు! నాన్నా, ఇంకోటి వెయ్యి" అని చప్పట్లు కొట్టింది.

గేటు కాశాను. చేతులు కడిగించాను. పెరుగు మాత్రం ఏ ఇంట్లోనైనా ఎలా పుడుతుందో అలాగే మా ఇంటికి వచ్చేసింది, పక్కింటి నుంచి చెంచాతో. బడి పెరుగు బాగా తోడుకుంటుందని వంటవాళ్ళు ఒక చెంచా తీసుకెళ్ళారు. పిల్లలు టిఫిను డబ్బా మూతలో ఒక చుక్క తీసుకెళ్ళారు. వాళ్ళ దగ్గర పక్కవాళ్ళు, వాళ్ళ దగ్గర పైవీధివాళ్ళు. తోడు అడిగితే లేదనేవాళ్ళు మా వైపు ఎవరుంటారు?

కబురు పెడితే నీరజ గారు మర్నాడు సాయంత్రానికల్లా వచ్చారు. ఇద్దరం పట్టీలు పట్టుకుని ఊళ్ళో తిరిగాం. ప్రతి గిన్నె వంగపండే. రేవు దగ్గర మజ్జిగ అమ్మే కుండ కూడా వంగపండే. ఆవిడ పంచాయతీ అరుగు మీద కూలబడ్డారు.

"ఆపితే ఆగిపోతుందని లెక్క వేశాను మాస్టారూ. తినే మనిషిని లెక్కవేశాను గానీ తోడుపెట్టే గిన్నెని వెయ్యలేదు. మా అమ్మ జీవితమంతా ఒకే తోడు నడిపింది, ఎవరింటికి వెళ్ళినా చిన్న డబ్బాలో పట్టుకెళ్ళేది. నేను ఆ పెరుగు తినే పెరిగాను. నాకెందుకు తట్టలేదు?"

నాకు ఆవిడ మీద అరవాలనే ఉంది. ఆవిడ ఏడుస్తుంటే పక్కన కూర్చున్నాను. పక్క ఊళ్ళ రక్తనిధుల దగ్గరికి వచ్చే తలసీమియా తల్లిదండ్రులందరికీ కబురు చేస్తానన్నారు. మా ఇంటి మటుకు తోడుగిన్నె మరిగే నీళ్ళతో కడిగి, కాకినాడ నుంచి కొత్త తోడు తెచ్చాం. మైత్రికి ఏమీ పెట్టొద్దని వీధిలోవాళ్ళ మీద కేకలేసి వచ్చాను. పట్టీ తెల్లగానే ఉంది. హేమలత ఆ తెల్ల పట్టీని కళ్ళకద్దుకుంది.

వారం కాదు, నెలలు గడిచాయి. మళ్ళీ పరీక్ష. మళ్ళీ పెరిగింది.

డాక్టరు హేమలతని బయట కూర్చోబెట్టి నాతో అన్నారు. "గుండె కండరంలోకి ఇనుము దిగడం మొదలైందండీ. ఇప్పుడు ఆగితే తిప్పుకోవచ్చు. ఇలాగే సాగితే మాత్రం నేనేమీ చెప్పలేను. ఈ పాప ఏదో తింటోంది. అదేమిటో మీరే కనుక్కోవాలి."

ఏం తింటుంది? ఇంట్లో ప్రతి ముద్దా మేం చూసి పెడుతున్నదే. ఆ రాత్రి వైదేహిని పిలిచి అడిగాను. "నువ్వేమైనా పెడుతున్నావా దానికి?" ఆ పిల్ల నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. "నాన్నా, నేనా?" అంది, అంతే.

ఆదివారం మైత్రి ఆడుకోవడానికి బయల్దేరితే, నేను చెప్పులు చేత్తో పట్టుకుని దొంగలా వెనకే వెళ్ళాను.

మా వీధిలో ఏ ఇంటి తలుపూ మైత్రికి వేసి ఉండదు. రక్తం ఎక్కించుకునే పిల్లని ఊరందరికీ తెలుసు. మొదట మావుళ్ళమ్మ గారింట్లో దూరింది. నేను దడి వెనక నిలబడ్డాను. ముసలావిడ వసారాలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది.

"వచ్చావా నా తల్లీ? కూకో. ఇదుగో, నీకోసమే అట్టేపెట్టాను" అని వెన్నలాంటి పెరుగు, గిన్నెడు, పంచదార వేసి నోటికందించింది. "తిను తిను. బళ్ళో పిల్లలందరికీ దీంతోనే రకతం పట్టింది. మీ నాన్న మేష్టరీ చెయ్యడానికే గానీ పిల్లని పెంచడం తెల్దు. రకతం లేని పిల్లకి తోటకూర కూడా పెట్టడంట! ఎక్కడైనా ఉందా చోద్యం?"

"నాన్నకి చెప్పకు మావుళ్ళమ్మమ్మా, అరుస్తాడు" అంది మైత్రి మూతి తుడుచుకుంటూ.

"నేనెందుకు చెప్తాను? నాకు పనిలేదా?"

నేను దడుల వెనకే నక్కి వెళ్ళాను. నా బిడ్డ అక్కణ్ణించి ఇంకో ఇంటికి, అక్కణ్ణించి ఇంకో ఇంటికి వెళ్ళింది. ఒకచోట చెంచాడు, ఒకచోట పెరుగన్నం ముద్ద, ఒకచోట మజ్జిగ. ప్రతిచోటా వాళ్ళ పిల్లలకంటే దీనికే మీగడ ఎక్కువ. ఊరంతా నా కూతుర్ని బతికించుకోవడానికి నాకు తెలీకుండా ఏకమైంది. అందరూ కలిసి ప్రేమగా చంపేస్తున్నారు!

చివరికి మా పక్కిల్లు, గంగాభవాని. ఏడో నెల నిండిన కడుపుతో పీట మీద కూర్చుని పెరుగన్నం కలుపుతోంది. మైత్రి ఒళ్ళో సగం ఎక్కి నోరు తెరిచింది.

"తొరగా మింగెయ్యవే. మీ నాన్న చూత్తే నన్ను ఉరేత్తాడు" అని నవ్వుతోంది భవాని.

నేను లోపలికి వెళ్ళి ఆ పళ్ళెం లాగేశాను. మెతుకులు గోడంతా పడ్డాయి. ఏం అరిచానో నాకు గుర్తు లేదు. వీధంతా పోగైంది. మైత్రి చెవులు మూసుకుని భవాని వెనక దాక్కుంది.

"దీనికి ఇనుము విషం! విషం పెడుతున్నారు మీరంతా! దీని గుండె పాడైపోతోంది!"

భవాని మొహం తెల్లబోయింది. "అదేంటన్నయ్యగారండీ? రకతం లేదంటేనే కదా పెట్టాను? నాకు పడింది, వైదేహికి పడింది, దీనికెందుకు పడదు?"

అప్పుడు చెప్పాను, వసారాలో నిలబడి, రొప్పుకుంటూ. వీళ్ళకి తయారయ్యే రక్తానికి ఇనుము చాలదని, మైత్రికి రక్తమే తయారు కాదని, ఇనుము మాత్రం కుప్పలుగా ఉందని. రక్తం లేదన్న పేరు ఒక్కటే, రోగాలు రెండని. మావుళ్ళమ్మ గారు చీర కొంగు నోట్లో కుక్కుకుని మెట్టు మీద కూర్చుండిపోయింది. "ఈ మాట ఇన్నాళ్ళూ నెమ్మదిగా చెప్తే ఇంటాం కదా నాయనా! ఎప్పుడు చూసినా పెట్టకండి, పెట్టకండని కేకలేసేవాడివి. ఎందుకో ఎవుడికి తెలుసు?" అంది.

నీరజ గారు మళ్ళీ వచ్చారు. ఈసారి ఆవిడ ఏడవలేదు. "మీరు ఊఁ అనండి, రేపట్నించి బడికి పెరుగు రాదు. ఊరంతా ఒకే పూట గిన్నెలు కడిగిస్తాను. రెండోసారి తోడుకోని రకం తయారుచెయ్యడానికి ఏడాది పడుతుంది. అంతవరకూ పిల్లలు మళ్ళీ మాత్రలే వేసుకోవాలి."

"వేసుకోరు" అన్నాను.

"నాకూ తెలుసు."

తలుపు చాటు నుంచి వైదేహి వచ్చింది. "నాన్నా, ఆపించెయ్యి. నాకేం కాదు. మేమందరం కూర్చుని ప్రతిజ్ఞ చేస్తాం." అది నవ్వించడానికే అంది, నాకు తెలుసు. దాని గోళ్ళు చూశాను, ఇంకా గులాబీగానే ఉన్నాయి. ఇద్దరు పిల్లల్లో ఎవరి రక్తం ముఖ్యమో తేల్చమని నన్నడిగితే నేనేం తేల్చను?

ఆ సాయంత్రం గంగాభవాని మా ఇంటికి వచ్చింది. రెండు చేతులతో పెరుగు గిన్నె పట్టుకుని, ఆయాసపడుతూ మెట్లెక్కి, గిన్నె నా ముందు పెట్టింది.

"మీరే పారబొయ్యండి అన్నయ్యగారూ. నా చేత్తో నేను పొయ్యలేను."

హేమలత పరుగెత్తుకొచ్చి ఆమెని పట్టుకుని కూర్చోబెట్టింది. భవాని సంగతి మా ఇద్దరికీ తెలుసు. పోయినసారి కాన్పులో ఒంట్లో రక్తం లేక బిడ్డ దక్కలేదు, తను దక్కడమే గగనమైంది. అంతకుముందు ఒక కడుపు నిలవనే లేదు. మాత్ర మింగితే ఆ నిమిషంలో వాంతి. ఈసారి ఆసుపత్రిలో నర్సమ్మ రక్తం చూసి, "ఇలా ఉంటే నీకేం భయం లేదే భవానీ" అందట. ఆ మాట ఊళ్ళో ఎంతమందికి చెప్పుకుందో!

"మా ఇంట్లో ఉంటే నా చెయ్యి ఆగదండీ. మైత్రి వచ్చి నోరు తెరిత్తే పెట్టేత్తాను. నేనే పాపిష్టిదాన్ని" అని ఏడుస్తోంది.

గిన్నె తీసుకుని పెరట్లోకి నడిచాను. తూము దగ్గర నిలబడ్డాను. ఇది పారబోస్తే మళ్ళీ ఎవరూ మా పిల్లకి పెట్టరు, ఊరంతా ఇలాగే పారబోస్తుంది, రేపు బళ్ళో పెరుగు ఉండదు, మా పిల్ల బతుకుతుంది. గిన్నె వంచాను కూడా. మీగడ అంచు దాకా జారింది. వెనక వసారాలో భవాని ఎక్కిళ్ళు వినిపిస్తున్నాయి. ఆమె కడుపులో ఉన్నది కూడా ఒక బిడ్డే కదా.

గిన్నె తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాను.

"నువ్వు తిను. కానీ మా పిల్ల మీ గుమ్మం ఎక్కితే తలుపు వేసెయ్యి. ఎంత ఏడ్చినా తియ్యకు. నా బిడ్డ మీద ఒట్టు వెయ్యి."

ఏడుస్తూనే తల ఊపింది.

మర్నాడు ఇంటింటికీ తిరిగాను. జీవితంలో మొదటిసారి ఎవరి మీదా అరవలేదు. దండం పెట్టి చెప్పాను. పెరుగు మీరు తినండి, బళ్ళో పిల్లలు తింటారు, కొత్త రకం వచ్చేదాకా మా పిల్లకి మాత్రం మీ ఇంట్లో మంచినీళ్ళు కూడా ఇవ్వకండి, దాన్ని లోపలికి రానివ్వకండి అన్నాను. నీరజ గారు నా వెంటే వచ్చారు. ఏ ఇంట్లోనూ ఎదురు మాట్లాడలేదు. అందరూ ఒట్టేశారు.

ఒట్టు నిలబెట్టుకున్నారు. మా ఊరి జనం మాటంటే మాటే.

మొదటి రోజు మైత్రి మావుళ్ళమ్మ గారింటి దడి తలుపు దగ్గర నిలబడి పిలిచింది. లోపల నుంచి గిన్నెల చప్పుడు వినిపించింది. "పెరుగు లోపల పెట్టవే, పిల్లొచ్చింది" అని ఎవరో గుసగుసగా అన్నారు. తలుపు పడింది. ఇంకో ఇంటికి వెళ్ళింది. అక్కడా తలుపు పడింది. గంగాభవాని ఇంటి ముందు చాలాసేపు నిలబడింది. "అత్తా, నేను! మైత్రిని!" అని పిలిచింది, భవానికి వినపడలేదేమోనని. నేను మా అరుగు మీద కూర్చుని వింటున్నాను. నేనే వేయించిన తలుపులవి. ఒక్కొక్కటి మూసుకున్నప్పుడల్లా హమ్మయ్య అనుకోవాలి. అనుకోలేకపోయాను.

దానికి చెప్పాం, మాకు చేతనైనట్టు. "వాళ్ళ పెరుగు నీకు పడదమ్మా, ఒంట్లో బాగుండదు" అన్నాం. ఊఁ కొట్టింది. కొన్నాళ్ళు ఏడ్చింది. తరవాత ఏడుపు మానేసింది. ఆదివారాలు ఇంట్లోనే కూర్చుని పలక మీద బొమ్మలు వేసుకునేది. వైదేహి ఖోఖో మానేసి దానితో అష్టాచెమ్మా ఆడుతుంటే నేనే తిట్టి బయటికి పంపేవాణ్ణి.

తరవాతి పరీక్షలో ఇనుము తగ్గింది. డాక్టరు నమ్మక రెండోసారి చేయించారు. మళ్ళీ తగ్గే ఉంది. ఆసుపత్రి వరండాలో హేమలత నా భుజం మీద తలపెట్టి బావురుమంది. జనం చూస్తున్నారని కూడా చూసుకోలేదు. నేనూ ఏడ్చాను. ఎందుకు దాచాలి?

ఆ నెలలోనే గంగాభవానికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. పురిటిస్నానం అయిన రోజు మా ఇంటికి కబురు పంపింది. "ఇల్లంతా తుడిపించాను, పెరుగు, మజ్జిగ అన్నీ వెనక గదిలో పెట్టి తాళం వేయించాను, మైత్రిని తీసుకురండి వదినా, చూడక ప్రాణం కొట్టుకుంటోంది" అని.

మైత్రికి కొత్త గౌను తొడిగాం. వీధిలో నా వేలు పట్టుకుని బుద్ధిగానే నడిచింది. గంగాభవాని గుమ్మం దగ్గరికి వచ్చేసరికి వేలు వదిలేసి ఆగిపోయింది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

"రావే నా బంగారం! పాపాయిని చూద్దువుగాని" అంది భవాని లోపల మంచం మీద నుంచి. "ఇదుగో, నీ ఒళ్ళో పడుకోబెడతాను."

"నేను రాను అత్తా."

"అత్త మీద కోపం వచ్చిందా?"

మైత్రి తల అడ్డంగా ఊపింది. "నేనొస్తే మీ పెరుగు పాడైపోతుంది కదా."

హేమలత వంగి దాని భుజాలు పట్టుకుంది. "ఎవరు చెప్పారే నీకు ఆ మాట?"

"ఎవరూ చెప్పలేదు. నేనొస్తే అందరూ గిన్నెలు లోపల పెట్టేస్తారుగా. అక్క ఆ మూడ్రోజులూ ఆవకాయ జాడీ ముట్టుకోదు చూడు, ముట్టుకుంటే పాడైపోతుందని. అలాగే. అక్క మూడ్రోజులే, నేను రోజూ" అంది. దాని గొంతులో ఏడుపు లేదు. ఎప్పుడో నేర్చుకున్న ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పింది. తరవాత మెడ చాచి మంచం వైపు ఒకసారి చూసి, "పాపకి కూడా తగులుతుందేమో" అంది.

రక్తం గురించి ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నవాణ్ణి. దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "లేదమ్మా, లేదమ్మా" అని మాత్రం అంటున్నాను.

గంగాభవాని పాపాయిని గుండెకి హత్తుకుని, పచ్చి బాలింత, గోడ పట్టుకుని గుమ్మం దాకా నడిచొచ్చింది. వంగి బిడ్డని చూపించబోయింది. మైత్రి చేతులు వెనక్కే ఉంచుకుని, రెండడుగులు వెనక్కి వేసింది.